బొటనవేలికి అరువు తాడు

కన్నడ సీమలోని చింతామణిలో జాకెట్టు గుడ్డ కొన్న ఆడవాళ్ళు రెండు రకాలు. నేరుగా మునిరత్నమ్మ దగ్గర కుట్టించుకునేవాళ్ళు ఒక రకం. అక్కడ వరుస పెద్దదిగా ఉందని అలిగి ఇంకెక్కడో కుట్టించుకుని, చంక కింద పట్టేస్తోందని చివరికి మునిరత్నమ్మ దగ్గరకే వచ్చి విప్పించుకునేవాళ్ళు రెండో రకం. బస్టాండు వెనక సందులో ఉన్న ఆమె అంగడికి బోర్డు లేదు. ఉన్న బోర్డు ఒకసారి గాలికి ఊడిపడితే, మళ్ళీ పెట్టించాలని ఎవరికీ తోచలేదు.

కుట్టడంలో పెద్ద విశేషమేమీ లేదని ఆమే అంటుంది. మిషను ఎవరు తొక్కినా తిరుగుతుంది. ఆమె గొప్పంతా కత్తెరలో ఉంది. వచ్చిన మనిషిని ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూసి, టేపు మెడలో వేసుకుని ఆ సంగతే మరిచిపోయి, సుద్దగీత ఒక్కటి కూడా గీయకుండా పట్టుగుడ్డ మీద కత్తెర పెట్టేది. చూస్తున్నవాళ్ళ ప్రాణం గొంతులోకి వచ్చేది. ఆమె మాత్రం పక్కింటి పెళ్ళి కబుర్లు చెబుతూ మెడ గుండ్రం తిప్పేసేది. అలా ముప్పై ఏళ్ళు గడిచాయి.

ఒక వానాకాలంలో అంగడి ముందు పరిచిన బండ మీద కాలు జారింది. పడబోతూ కుడి అరచెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. ఎముక పక్కకు జరగలేదు, ఒక్క పగులే, అదృష్టవంతురాలివి అన్నారు అందరూ. కట్టు వేశారు, కాలం తీరాక విప్పారు. చెయ్యి కొంచెం సన్నబడిందనే తప్ప ఏ బాధా లేదు. ఆమె మళ్ళీ బల్ల ముందు నిలబడి కత్తెర పట్టుకుంది.

నెల తిరగలేదు. ఒక మధ్యాహ్నం ఆమె కాంచన అనే ఆవిడ జాకెట్టుకు చెయ్యి కత్తిరిస్తోంది. కాంచన ఊళ్ళో పెద్ద బట్టల అంగడివాళ్ళ కోడలు, మునిరత్నమ్మ తప్ప మరొకరు ముట్టిన జాకెట్టు తొడగదు. కత్తెర ఒకసారి మూసుకుంది, మళ్ళీ తెరుచుకోలేదు. నొప్పి లేదు, చప్పుడు లేదు. చెయ్యి విదిలించి చూసింది. వేళ్ళన్నీ కదులుతున్నాయి, బొటనవేలు మాత్రం వేలాడుతోంది. లోపలికి వంచితే వంగుతుంది, పైకి లేవమంటే లేవదు.

కత్తెర అనగానే మనకు మూసేటప్పటి బలమే గుర్తొస్తుంది. తెరవడం కూడా ఒక పని అని, దానికి బొటనవేలు పైకి లేవాలని ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మధ్యాహ్నం ఆమెకు మొదటిసారి తెలిసింది. ఎడమచేత్తో ప్రయత్నించింది. కుడిచేతి కత్తెర ఎడమచేతికి లొంగదు, గుడ్డను కొరికింది గానీ కొయ్యలేదు.

ఎవరి వైద్యం వాళ్ళు చెప్పారు. ఆమె భర్త గోపాలప్ప బస్సు కండక్టరు. బలహీనత అని తేల్చి రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టడం మొదలుపెట్టాడు. ఎదురింటావిడ దిష్టి తీసింది. ఎదురంగట్లో ప్యాంట్లు షర్టులు కుట్టే ఆంజనప్ప గ్యాస్ అన్నాడు. ఆంజనప్ప దృష్టిలో లోకంలోని రోగాలన్నిటికీ గ్యాసే మూలం.

అయినా మంచివాడు. తన పని అయ్యాక వచ్చి ఆమె కత్తిరింపు తాను చేసిపెడతానన్నాడు. మొదటి బోణీ కాంచన జాకెట్టే. కాంచన దాన్ని తొడుక్కుని అద్దం ముందు నిలబడి, అటూ ఇటూ తిరిగి, దీనికి ఒక జేబు కూడా పెట్టించి ఉంటే మా ఆయన బ్యాంకుకు వేసుకుపోయేవాడు అంది. మునిరత్నమ్మ పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. ఆ సాయంత్రం భర్తతో, చెయ్యి రాకపోతే కత్తిరించే బల్ల ఆంజనప్పకు ఇచ్చేసి, తాను హుక్కులు కుట్టుకుంటూ ఒక మూల కూర్చుంటానని చెప్పింది. మర్నాడు గోపాలప్ప సెలవు పెట్టి ఆమెను చిక్కబళ్ళాపురం తీసుకుపోయాడు.

అక్కడి ఆస్పత్రిలో చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరు బాలచంద్ర. బల్ల మీద రెండు అరచేతులూ బోర్లా పెట్టి, బొటనవేళ్ళు రెండూ పైకెత్తమన్నాడు. ఎడమది లేచింది. కుడిది బల్లకు అంటుకున్నట్టే ఉండిపోయింది. ఎడమ బొటనవేలి మొదట్లో రెండు తాళ్ళు చర్మం కింద నిక్కి, వాటి నడుమ చిన్న గుంట పడింది. పాతకాలం మనుషులు ముక్కుపొడి పోసుకునే గుంట అదేనని డాక్టరు చెప్పాడు. కుడిచేతికి ఆ గుంట లేదు. ఒక పక్క గట్టే మాయమైంది, ఇక గుంట ఎక్కడిది.

"నరం తెగిందా సార్?" అని అడిగింది ఆమె.

"నరం కాదమ్మా, తాడు. కండ చివర ఉండి ఎముకను లాగే తాడు. టెండన్ అంటాం."

తర్వాత ఆయన చెప్పిన సంగతి విని ఆమె నోరు తెరిచింది. వేళ్ళను ముడిచే చాచే పెద్ద కండలు వేళ్ళలో లేనే లేవట. అవన్నీ మోచేతి కింద, ముంజేతిలో ఉంటాయి. అక్కడ కూర్చుని పొడుగాటి తాళ్ళతో ఇక్కడ వేళ్ళను ఆడిస్తాయి. బొటనవేలిని ఎత్తే తాడు, మణికట్టు వెనక ఎముక మీదున్న ఒక చిన్న బుడిపె చుట్టూ, బావి గిలక మీద చేంతాడు తిరిగినట్టు తిరిగి, బొటనవేలి వైపు మళ్ళుతుంది. ఎముక చిట్లినప్పుడు ఆ ఇరుకులో వాపు వచ్చింది. తాడుకు రక్తం సరిగా అందలేదు. అరిగి అరిగి, ఒకనాటికి తెగింది. పగులు చిన్నదైనవాళ్ళలోనే ఇది ఎక్కువ చూస్తామని, ఎవరి తప్పూ కాదని డాక్టరు చెప్పాడు.

తెగిన రెండు కొసలూ కలిపి కుట్టెయ్యొచ్చు కదా అని ఆమెకు తోచింది. అడిగింది కూడా. చివికిపోయిన గుడ్డ అంచుకు కుట్టు నిలుస్తుందా, ఆ సంగతి నీకు నేను చెప్పాలా అన్నాడు ఆయన. ఆమె తలూపింది. అప్పుడాయన ఆమెను పిడికిలి బిగించి, చూపుడు వేలు ఒక్కటీ పైకి లేపమన్నాడు. లేచింది. దాన్ని ముడిచి, ఉంగరపు వేలు ఒక్కటీ లేపమన్నాడు. ఎంత తన్నుకున్నా లేవలేదు. పక్కనే నిలబడి తనూ ప్రయత్నించిన గోపాలప్పకూ లేవలేదు.

నాలుగు వేళ్ళనూ కలిపి లాగే తాళ్ళు ఒక కట్టగా ఉంటాయి, చూపుడు వేలికి, చిటికెన వేలికి మాత్రం ఒక్కొక్కటి ఎక్కువ ఉంటుంది, అందుకే అవి ఒంటరిగా లేవగలవు అని డాక్టరు వివరించాడు. చూపుడు వేలికున్న రెండో తాడును అక్కడ కోసి, తోలు కిందుగా మళ్ళించి, బొటనవేలి తాడుకు అల్లి కుడతాడట. చూపుడు వేలికి మిగిలిన తాడు చాలు, దాని పని అది చేసుకుంటుంది.

మునిరత్నమ్మ తన చూపుడు వేలిని తిప్పి తిప్పి చూసుకుంది. యాభై ఏళ్ళుగా తనతోపాటు తిరుగుతున్న వేలు, లోపల ఇంత దాచుకుని ఒక్కనాడూ చెప్పలేదు. పని తెలిసిన దర్జీ జాకెట్టు పక్కకుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ మిగిల్చి పెడతాడు. తొడిగే మనిషి ఏనాటికో ఒళ్ళు చేస్తుందని అతనికి తెలుసు. తననెవరు కుట్టారో గానీ, ఆ చెయ్యి తిరిగిన పనివాడి మీద ఆమెకు గొప్ప గౌరవం కలిగింది.

"రెండో తాడు ఎందుకు పెట్టినాడు సార్ దేవుడు?"

"నాకేం తెలుసమ్మా. పెట్టినాడు కాబట్టి నా పని నడుస్తాండాది."

తిరుగు బస్సులో ఆమె ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. నిజమే, తోలు కింద కండలు ఒకదాని వెంట ఒకటి కదులుతున్నాయి. చూపుడు వేలికి ఒకచోట, చిటికెన వేలికి ఇంకోచోట. గోపాలప్ప కూడా తన ముంజెయ్యి పట్టుకుని చూసుకున్నాడు. టికెట్లు చింపి చింపి అరిగిన చెయ్యి అది. దాని లోపల ఇంత వ్యవహారం నడుస్తోందని తెలిసి, ఆయన దారిలో కైవారం ఊరు వచ్చేదాకా వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. ఆ బస్సు కండక్టరు ఇద్దరినీ అనుమానంగా చూసి పోయాడు.

ఆపరేషన్ అయింది. చెయ్యంతా మొద్దుబారేలా మందిచ్చారు, అడ్డంగా తెర కట్టారు. తెర అవతల తన చెయ్యి ఎవరిదో అయిపోయినట్టు ఆమె పడుకుని దేవుణ్ణి తలచుకుంది. మూడు చిన్న కోతలు, అంతే. బొటనవేలు పైకి నిలబెట్టి నెల పాటు పట్టీ వేశారు. ఎదురైన ప్రతివాళ్ళకూ అంతా బాగుందని వేలెత్తి చెబుతున్నట్టు ఆమె ఊళ్ళో తిరిగింది. గోపాలప్ప జడ వేయడం నేర్చుకున్నాడు. ఆ జడ ఎడమవైపుకే పోయేది, ఆమె అలాగే అంగడికి పోయేది.

పట్టీ తీసిన రోజు నుంచి కసరత్తు. చేయించే అమ్మాయి నయన, గౌరిబిదనూరు పిల్ల, ఫిజియోథెరపిస్టు. నవ్వుతూనే గట్టిగా పనిచేయిస్తుంది. మొదటి రోజే ఒక మాట చెప్పింది.

"బొటనవేలి సంగతి మర్చిపో అమ్మా. ఆ కండకు తన తాడు యాడికి పోయినాదో తెలీదు. దానికి తెలిసిందొకటే, ఏలు చూపించడం. నువ్వు దేన్నన్నా చూపించు, బొటనవేలు లేస్తాది."

ఎంత విచిత్రం అనుకుంది మునిరత్నమ్మ. ముంజేతిలో ఒక కండ, పాత యజమానికే పనిచేస్తున్నాననుకుంటూ కొత్త ఇంట్లో నీళ్ళు తోడుతోంది. సరే, చూపిద్దాం అని వేలు చాచింది. చాచింది గానీ, కన్ను బొటనవేలి మీదే ఉంది. లేస్తుందా, లేవదా, కుట్టు తెగుతుందా అని భయం. ఆ భయానికి చెయ్యంతా కర్రలా బిగుసుకుపోయింది. ఏదీ లేవలేదు.

చేతి వైపు చూడొద్దంది నయన. చూడకుండా, ఆలోచించకుండా, ఎదురుగా ఉన్న గడియారం ఎవరికైనా చూపించినట్టు చూపించమంది. మునిరత్నమ్మ గడ్డంతో చూపించింది. చేత్తో చూపించమ్మా అంటే అరచెయ్యి మొత్తం చాపింది. ఒక్క వేలితో అంటే ఆ వేలు సగంలోనే ముడుచుకుని, కణుపు మాత్రం గడియారం వైపు తిరిగింది. నెల రోజులు కట్టులో ఉన్న వేళ్ళు కదా, బిగుసుకున్నాయి అనుకుంది నయన. మైనం కరిగించి చెయ్యి ముంచింది. నూనె రాసి ఒక్కో కీలూ సాగదీసింది. ఆ మూల కూర్చున్న పెద్దాయన్ను చూపించు, ఆ డాక్టర్ను చూపించు అని మళ్ళీ మళ్ళీ అడిగింది. పెద్దాయన వైపు, డాక్టరు వైపు కణుపే తిరిగింది. బొటనవేలు నిద్రపోతూనే ఉంది.

అలా ఎన్ని వారాలు పోయాయో. చింతామణికీ చిక్కబళ్ళాపురానికీ తిరిగే బస్సుల డ్రైవర్లందరూ ఆమెను పేరు పెట్టి పిలవసాగారు. ఒకరోజు బాలచంద్ర స్వయంగా వచ్చి, మచ్చల వెంట వేలితో నొక్కి చూశాడు. ముఖంలో నవ్వు లేదు. మళ్ళించిన తాడు పక్కనున్న కండకు అతుక్కుపోయి ఉండొచ్చు, లేదా అల్లిన చోట వదులై ఉండొచ్చు. సోమవారం స్కానింగ్ చేసి చూస్తాను, అవసరమైతే మళ్ళీ తెరవాలి అన్నాడు. మళ్ళీ తెరిచినా మొదటిసారంత బాగా రాదని కూడా దాచకుండా చెప్పాడు.

ఇంటికొచ్చి ఆమె ఆంజనప్పను పిలిచింది. సోమవారం తర్వాత బల్ల తీసుకుపొమ్మని చెప్పింది. కత్తెర కూడా ఇస్తానంది, అది మంచి ఉక్కు, సాన పట్టించేటప్పుడు జాగ్రత్త అంది. ఆంజనప్ప ఈసారి గ్యాస్ మాట ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని, తన చేతులు తనే చూసుకుంటూ చాలాసేపు ఉండి లేచి వెళ్ళాడు.

ఆ ఆదివారం బాగేపల్లి దగ్గర పుట్టినూళ్ళో ఉన్న అన్న పిళ్ళప్ప ఫోను చేసి రమ్మన్నాడు. మనసు కాస్త కుదుటపడుతుందని ఆమె వెళ్ళింది. పిళ్ళప్ప మూడు ఎకరాల్లో సొరకాయ వేశాడు. తీగలు పాకిన చప్పరం నిండా తెల్లపూలు, పూల కింద నూగు నూగుగా పిందెలు. ఆమె వెళ్ళేసరికి మార్కెట్టు వ్యాపారి ఆనంద్‌కుమార్ కాపు చూడటానికి వచ్చి ఉన్నాడు. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, చప్పరం కింద నిలబడి, వేలు బారుగా చాచి, ఈ వరుసవి పదిరోజుల్లో వస్తాయి, ఆ మూలవి ఇంకా లేతవి అంటున్నాడు.

పిళ్ళప్ప గబగబా వెళ్ళి అతని వేలు పట్టుకుని మెల్లగా ముడిచాడు.

"పిందెలప్పా. ఏలు మడిచి చూపించు."

ఆనంద్‌కుమార్ నాలుక కరుచుకున్నాడు. ఏసీ కారులో తిరిగే మనిషైనా, వేలు చాచి చూపిస్తే పిందె కుళ్ళి రాలిపోతుందని వాళ్ళ అవ్వ కూడా చెప్పే ఉంటుంది. వెంటనే వేలు ముడిచి, కణుపుతో చూపించడం మొదలుపెట్టాడు. ఇద్దరు పెద్దమనుషులు పిడికిళ్ళు ముందుకు చాపుకుని, కణుపులతో కాయలు చూపించుకుంటూ చప్పరం కింద వరుస వెంట నడిచిపోయారు.

గట్టు మీద కూర్చున్న మునిరత్నమ్మ వాళ్ళ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన చేతివైపు చూసుకుంది.

ఆస్పత్రిలో గడియారం చూపించమంటే తను చూపించింది ఇలాగే కదా. పెద్దాయన్ను, డాక్టరును చూపించిందీ ఇలాగే. ఇలాంటి చప్పరం కిందే, అయిదేళ్ళ వయసులో, వేలు చాచినందుకు అమ్మ చేతి మీద ఒక్కటి వేసింది. అత్తారింట్లో పెద్దవాళ్ళ వైపు వేలు చూపకూడదన్నారు. అంగడి పెట్టాక తనకు తనే ఒక నియమం పెట్టుకుంది. అద్దం ముందు నిలబడ్డ ఆడమనిషి నడుము లావునో, వీపు గూనినో దర్జీ వేలు పెట్టి చూపించకూడదు. ఆ మనిషి మళ్ళీ రాదు, వచ్చినా తల ఎత్తదు. తెలుగులోనూ కన్నడంలోనూ ఆ వేలికి చూపించేదనే పేరు. మునిరత్నమ్మ చేతికి పుట్టి అది ఒక్కరోజు కూడా ఆ పని చేయలేదు. నయన అడిగినప్పుడల్లా, తెలియకుండానే ముడిచేసింది. తాడు తెగలేదేమో, అతుక్కోనూ లేదేమో. దాన్ని ఎవరూ పిలవనే లేదేమో.

లేచి నిలబడింది. ఇప్పుడే చూడాలి. కానీ దేన్ని చూపించాలి? సొరపాదు వైపు తిప్పలేదు, అన్న కష్టమంతా అది. పక్క చేలో వేరుశనగ ఇంకా పూతమీద ఉంది, ఆ ఇంటివాళ్ళతో మాటలు కూడా అంతంత మాత్రం. గట్టున కట్టేసిన ఆవు చూలుతో ఉంది. ఇటు తిరిగితే గుడి. చెయ్యి చీరలో దాచుకుని, చప్పరం దాటి, బాటమీదికి వచ్చి చుట్టూ చూసింది. బొటనవేలి కోసం లోకంలో ఒక్క వస్తువైనా పాడుచేసే ధైర్యం ఆమెకు లేదు.

దూరంగా బోడికొండ కనిపించింది. చెట్టూ చేమా లేని నున్నటి బండ, ఎండకు మెరుస్తోంది.

ఉత్తినే చాస్తే మళ్ళీ చెయ్యి బిగుసుకుంటుందని ఆమెకు తెలుసు. నిజంగా ఎవరికైనా చూపించాలి. అన్నను కేకేసింది. పిళ్ళప్ప ఏమైందోనని పరుగున వచ్చాడు.

"అన్నా, అదో, ఆ బండ పేరేమి?"

వేలు బారుగా చాచింది. కన్ను కొండ మీద ఉంది. పిళ్ళప్ప ముందు ఆ చాచిన వేలిని చూశాడు, అలవాటుగా కోప్పడటానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. చెల్లెలు కొండను చూస్తోంది, ఆయన ఆమె చేతిని చూస్తున్నాడు. చూపుడు వేలి పక్కన బొటనవేలు, వణుకుతూ, ఇన్ని నెలల తర్వాత పైకి లేచి నిలబడింది. దాని మొదట్లో, తోలు కింద, సన్నటి తాడొకటి నిక్కింది.

ఆమె కిందికి చూసింది. చూడగానే అది పడిపోయింది. మళ్ళీ కొండను చూపించింది. మళ్ళీ లేచింది. ఆమె కూర్చుండిపోయి ఏడ్చింది. ఒక చిన్న తాడు, తన ఊరు వదిలి పరాయి ఊళ్ళో నెలల తరబడి పిలుపు కోసం కాచుకుని ఉంది. అంత ఓపిక తన ఒంట్లో ఉందని ఆమెకు తెలియదు. పిళ్ళప్ప తువ్వాలుతో తన కళ్ళు తుడుచుకుని, చెల్లెలికి ఇచ్చాడు.

"చూపించుకోమ్మా," అన్నాడు. "బండ కుళ్ళదులే."

సోమవారం స్కానింగ్ అవసరం రాలేదు. జరిగింది విని నయన నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. తర్వాత నుదురు కొట్టుకుంది. మా అవ్వ కూడా గుమ్మడి పిందెకు అంతే చేస్తాది, నాకెందుకు తట్టలేదో అంది. బాలచంద్ర మాత్రం నవ్వలేదు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, లేచిన తాడును, దాని పక్కన మళ్ళీ పడిన గుంటను మెచ్చుకోలుగా చాలాసేపు చూశాడు. తాడును మళ్ళించడం వరకే నా చేతిలో ఉంది, దానికి పని చెప్పడం నీ చేతిలో ఉందని ముందే నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది అన్నాడు.

ఆ తర్వాత ఆమె చూపించని బండ లేదు. బస్సులో పోతూ నందికొండ చూపించింది, కరెంటు స్తంభాలు చూపించింది, మైలురాళ్ళు చూపించింది. గోపాలప్ప పక్కన కూర్చుని, అదేమి, ఇదేమి అని ఏమీ ఎరగనివాడిలా అడిగేవాడు. ఆ దారిలో ఇన్నేళ్ళు టికెట్లు కొట్టిన మనిషి.

కత్తెర పట్టిన మొదటి రోజు, తెరవాల్సి వచ్చినప్పుడల్లా మనసులో కొండను చూపించుకోవాల్సి వచ్చింది. కన్ను గుడ్డ మీద, ధ్యాస బాగేపల్లి బండ మీద. గీత వంకరపోయింది. ఆ సాధనకు ఇంట్లోని పాత లుంగీలన్నీ అయిపోయాయి, ఆంజనప్ప తన అంగట్లోని ముక్కలు మూటగట్టి తెచ్చాడు. మెల్లగా గీత కుదిరింది, మెడ గుండ్రం తిరిగింది. వేసంగి రాకముందే ఆమె మళ్ళీ పట్టుగుడ్డ మీద కత్తెర పెట్టింది. సుద్ద వాడలేదు. కాంచన కొత్త జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, ఏమీ అనలేదు. కాంచన ఏమీ అనలేదంటే అంతకంటే మెప్పు లేదు.

ఏడాది దాటాక బాలచంద్ర ఒకసారి రమ్మని కబురు పెట్టాడు. ఇదే ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఒకడు, అమరనాథ్, గౌరిబిదనూరులో సైకిల్ షాపు. పట్టీ తీసి వారాలైనా బొటనవేలు లేవడం లేదు. అతను దిగులు పడి కసరత్తు మానేస్తానంటున్నాడు. నీ నోటితో చెప్పు, నీ చేత్తో చూపించు అన్నాడు డాక్టరు.

మునిరత్నమ్మ మంచి చీర కట్టుకుని వెళ్ళింది. అమరనాథ్ ఎదురుగా కూర్చుని, ఇది చాలా సుళువని, దేన్నన్నా చూపిస్తే చాలని చెప్పి, కిటికీలోంచి కనిపిస్తున్న నీళ్ళ ట్యాంకు వైపు వేలు చాచింది. చూపుడు వేలు చక్కగా చాచుకుంది. బొటనవేలు కదలలేదు.

ఆమె ముఖం తెల్లబోయింది. మళ్ళీ చాచింది. చూపుడు వేలు ఒక్కటే చాచుకుంది. అమరనాథ్ ఆశగా చూస్తున్నాడు. నయన దగ్గరకు వచ్చింది. డాక్టరు మాత్రం కుర్చీలో ముందుకు వంగి, ఇప్పుడు బొటనవేలు ఒక్కటే లేపమ్మా అన్నాడు. ఆమె లేపింది. హాయిగా లేచింది. చూపుడు వేలు దాని చోటునుంచి కదల్లేదు.

"ఎట్ల లేపినావు?" అన్నాడు డాక్టరు.

ఆమె ఆలోచించింది. పొద్దున అంగట్లో నాలుగు జాకెట్లు కత్తిరించి వచ్చింది. అన్నిసార్లు కత్తెర తెరిచింది, ఒక్కసారైనా కొండ గుర్తురాలేదు. నిన్న కూడా రాలేదు. ఎప్పటినుంచి రావడం లేదో కూడా తెలియలేదు. అంత కష్టపడి నేర్చుకున్న విద్య, తనకు చెప్పకుండానే చేతిలోంచి జారిపోయింది. ఒక్క క్షణం ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది.

"తెలీదు సార్. లేపాలనుకుంటాను, లేస్తాది."

"మాకందరికీ తెలిసిందీ అంతేనమ్మా," అన్నాడు బాలచంద్ర. "పుట్టినప్పటినుంచీ అంతే."

నయన తన బొటనవేలు లేపి చూసుకుంటోంది. అమరనాథ్‌కు ఇదంతా అర్థం కాలేదు. తన కుట్ల మచ్చల చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పాఠం చెప్పడానికి వచ్చిన మనిషికే పాఠం రాదా అన్నట్టు చూస్తున్నాడు. మునిరత్నమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని, అతని చూపుడు వేలిని పట్టుకుని తానే చక్కగా సాపు చేసి, కిటికీ వైపు తిప్పింది. పిందెలు, మనుషులు వద్దు, బండల్ని చూపించు, రోజూ చూపించు అని చెప్పింది.

"ఎన్నాళ్ళు చూపించల్లమ్మా?" అన్నాడు అమరనాథ్.

"మర్చిపోయే దాకా అప్పా," అంది మునిరత్నమ్మ.